"ఒకటో పోర్ట్ తీసెయ్" అంటే ఏ పోర్ట్ తీయాలి? రూటర్ ఇంటర్‌ఫేస్ పేర్ల గురించి

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా... సరే.

నన్ను పిలిచినప్పుడు ఎమ్‌పీఎల్‌ఎస్, సెగ్మెంట్ రూటింగ్ లాంటి ట్రాఫిక్ నడిపే పద్ధతుల గురించి చెప్పమన్నారు, నేనే పట్టుబట్టి ఈ టాపిక్ తీసుకున్నాను. ఇంటర్‌ఫేస్ పేర్లు, అంటే రూటర్‌లో కేబుల్ తగిలించే ఒక్కో పోర్ట్‌కి ఉండే పేరు. ఇందులో చెప్పడానికేముంది అని కొంతమందికి అనిపించి ఉంటుంది, బాక్స్ (రూటరో, స్విచ్చో) కొన్నప్పుడే పేర్లు వస్తాయి కదా, మనం పెట్టేదేముంది అని. నాకూ మొదట్లో అలానే ఉండేది. ఒక రాత్రి జరిగినది చెప్తాను, ఆ తర్వాత టాపిక్‌లోకి వెళ్దాం.

పన్నెండేళ్ళ కింద మాట ఇది. నేను నాక్‌లో, అంటే నెట్‌వర్క్‌ని కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ రూమ్‌లో, నైట్ షిఫ్ట్. కోస్తాలో ఒక చిన్న టౌన్‌లో మా పాప్, అంటే ఆ ఊరి లింకులన్నీ కలిసే చోటు, ఉండేది, ఒక గది, ఒక ర్యాక్, కింద బ్యాటరీలు, అంతే. ఒక కస్టమర్ లింక్‌లో ఎర్రర్లు పెరుగుతున్నాయి, ప్యాచ్ కార్డ్ (పొట్టి కేబుల్) మార్చి చూడాలి. రాత్రి రెండింటికి ఫీల్డ్ కుర్రాడిని లేపి పంపించాం, పాపం చలిలో బండేసుకుని వెళ్ళాడు. నేను ఫోన్‌లో "తమ్ముడూ, ఒకటో పోర్ట్ తీసెయ్" అన్నాను. "సరే అన్నా" అని తీసేశాడు. టౌన్ మొత్తం పడిపోయింది.

ఏమైందంటే, నా స్క్రీన్ మీద ఉన్నది 0/0/1. ఆ బాక్స్‌లో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, పై వరసలో ఎడమ చివరది సున్నా, సరిగ్గా దాని కిందది ఒకటి. అతనికి ఎదురుగా కనపడేది పన్నెండు పోర్ట్‌లు పైన, పన్నెండు కింద. ఒకటోది అంటే ఎవరైనా ఏది తీస్తారు? పైన ఎడమ చివరదే తీస్తారు. అది మా అప్‌లింక్, ఊరి ట్రాఫిక్ అంతా బయటికి పోయే దారి. అది తీయగానే నాకు బాక్సే పోయింది, నేను చూసి చెప్పడానికి ఏమీ లేదు, అతను కంగారుగా మళ్ళీ పెట్టాడు కానీ కనెక్టర్ పూర్తిగా కూర్చోలేదు, లైట్ రాలేదు, అది తెలుసుకునేసరికి నలభై నిమిషాలు. మర్నాడు రిపోర్ట్‌లో ఫీల్డ్ ఇంజనీర్ తప్పు కేబుల్ తీశాడు అని రాశారు. అది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. అతను నేను చెప్పిందే చేశాడు. నా దగ్గర ఇంటర్‌ఫేస్‌కి పూర్తి పేరు ఉంది, అది చెప్పకుండా నేను ఒక అంకె మాత్రం చెప్పాను.

అందుకే నేను ఇంటర్‌ఫేస్ పేరుని ఎప్పుడూ ఇలానే చూస్తాను, స్క్రీన్ ముందు ఒకళ్ళు, ర్యాక్ ముందు ఒకళ్ళు, మధ్యలో ఫోన్. ఆ పేరు విని ర్యాక్ ముందున్న మనిషి చెయ్యి సరైన కేబుల్ మీదకి వెళ్ళాలి. వెళ్తే మంచి పేరు. ఈ కొలబద్ద చేతిలో పెట్టుకుని ఒక్కో కంపెనీ పేర్లు ఎలా పెట్టిందో చూద్దాం.

హైదరాబాద్‌లో పాత డోర్ నంబర్లు చూసే ఉంటారు. 6-3 అని మొదలై ఆ తర్వాత ఇంకో నంబర్, దాని పక్కన ఒక గీత, ఏ, బీ, మళ్ళీ గీత, ఇంకో అంకె. మొదటిది వార్డ్, రెండోది బ్లాక్, మూడోది ఇల్లు. 6-3 అనగానే తెలిసినవాళ్ళు సోమాజిగూడ, పంజాగుట్ట వైపు అని చెప్పేస్తారు. ఒక ఇంటిని నలుగురు అన్నదమ్ములు పంచుకుంటే గీత పెట్టి ఒకటి, రెండు, మూడు, నాలుగు అవుతుంది. రూటర్ ఇంటర్‌ఫేస్ నంబర్ అచ్చంగా ఇదే. స్లాట్, ఆ స్లాట్‌లో కార్డ్, ఆ కార్డ్ మీద పోర్ట్. పెద్దదాంట్లోంచి చిన్నదాంట్లోకి వెళ్తుంది. పోర్ట్‌ని నాలుగు ముక్కలు చేస్తే ఇంకో అంకె తగులుకుంటుంది, అది తర్వాత చెప్తా.

ముందు సిస్కో, ఎందుకంటే మనలో ఎక్కువమంది అక్కడే నేర్చుకున్నాం. 2500 సిరీస్ అని పాత రూటర్లు ఉండేవి, వాటిలో ఈథర్నెట్ 0, సీరియల్ 0, సీరియల్ 1, అంతే. బాక్స్ చిన్నది, పోర్ట్‌లు కదలవు, ఒక్క అంకె చాలు. కార్డులు మార్చుకునే పెద్ద బాక్సులు వచ్చాక స్లాట్/పోర్ట్ అయ్యింది, తర్వాత 7500లో కార్డ్ మీద ఇంకో చిన్న కార్డ్ పెట్టేసరికి మూడు అంకెలు అయ్యాయి. ఇప్పుడు ఐఓఎస్ ఎక్స్‌ఆర్ అనే సిస్కో ఓఎస్ ఉన్న బాక్సుల్లో నాలుగు, ర్యాక్, స్లాట్, మాడ్యూల్, పోర్ట్. హండ్రెడ్‌గిగ్‌ఈ 0/0/0/12 అంటే సున్నా ర్యాక్, సున్నా స్లాట్, సున్నా మాడ్యూల్, పన్నెండో నంబర్ పోర్ట్. అదే క్యాటలిస్ట్ స్విచ్ స్టాక్‌లో, అంటే కొన్ని స్విచ్‌లు కలిపి ఒకే బాక్స్‌లా నడిపేదాంట్లో, మూడు అంకెలే, కానీ మొదటిది స్లాట్ కాదు, స్టాక్‌లో ఎన్నో స్విచ్ అని. అంటే ఒకే కంపెనీ బాక్సుల్లోనే మొదటి అంకెకి ఒక చోట ఒక అర్థం, ఇంకో చోట ఇంకో అర్థం. గిగాబిట్ ఈథర్నెట్ 1/0/1 అని వింటే ముందు అడగాల్సింది ఏ మోడల్ అని.

ఈ స్టాక్ విషయంలో ఒకటి జాగ్రత్త. రెండో స్విచ్ పోయింది, కొత్తది పెట్టారు, అది వేరే నంబర్‌తో లేచిందనుకోండి, 2/0 అని రాసుకున్న కాన్ఫిగ్ (సెట్టింగ్స్) అంతా లేని స్విచ్ కోసం ఎదురు చూస్తూ కూర్చుంటుంది, కొత్త స్విచ్ పోర్ట్‌లేమో ఖాళీగా ఉంటాయి. ర్యాక్‌లో పైనుంచి కిందకి ఒకటి, రెండు, మూడు అనే వరస, స్టాక్ నంబర్ల వరస ఒకటే ఉండేలా పెట్టుకోండి, ఈ ఒక్క పని చేస్తే ఫోన్‌లో సగం గొడవ తగ్గుతుంది.

ఇంకోటి, పాత రూటర్ తీసి కొత్తది పెట్టేటప్పుడు. 2911లో గిగాబిట్ ఈథర్నెట్ 0/0. దాని బదులు 4331 పెడితే అదే 0/0/0. 4331లో గిగాబిట్ ఈథర్నెట్ 0 అని కూడా ఒకటి ఉంటుంది, అది మేనేజ్‌మెంట్ పోర్ట్. పాత కాన్ఫిగ్ నోట్‌ప్యాడ్‌లోంచి తెచ్చి అతికిస్తే ఇంటర్‌ఫేస్ లైన్ దగ్గర ఎర్రర్ కొడుతుంది. ఇక్కడ నన్ను భయపెట్టేది ఆ ఎర్రర్ కాదు, ఎర్రర్ వచ్చాక కింద ఉన్న ఐపీ అడ్రస్ లైన్లు, ఏసీఎల్ (ఏ ట్రాఫిక్‌ని రానివ్వాలో చెప్పే రూల్స్) లైన్లు ఎక్కడికి పోతున్నాయి అనేది, ముందు తెరిచిన ఏ మోడ్‌లో ఉన్నామో అక్కడికి పడతాయి. కాబట్టి మైగ్రేషన్ రోజుకి ముందే ఒక కాగితం మీద ఎడమ పక్క పాత పేరు, కుడి పక్క కొత్త పేరు రాసుకుని, ఆ కాగితం చూస్తూ కాన్ఫిగ్ మార్చండి. ఎక్సెల్‌లో అయినా పర్లేదు, కానీ ప్రింట్ తీసి ర్యాక్ దగ్గర వాళ్ళకీ ఒకటి ఇవ్వండి.

ఇప్పుడు పేరులో స్పీడ్ ఉండడం గురించి, దీని మీద నాకు గట్టి అభిప్రాయం ఉంది. 1995లో 100 మెగాబిట్ స్టాండర్డ్ వచ్చినప్పుడు అది నిజంగానే ఫాస్ట్, అందుకే ఫాస్ట్ ఈథర్నెట్ అన్నారు. 1998లో గిగాబిట్ వచ్చింది. 2002లో పది గిగాబిట్, 2010లో నలభై, వంద, 2017లో రెండొందలు, నాలుగొందలు. ఒక్కో మెట్టుకి పేరు పొడుగవుతూ పోయింది. అది కూడా ఒకేలా కాదు, సిస్కోలో ఒక ఓఎస్‌లో టెన్‌గిగాబిట్ ఈథర్నెట్, ఇంకో ఓఎస్‌లో టెన్‌గిగ్‌ఈ. మనిషికి రెండూ ఒకటే అని తెలుసు, స్క్రిప్ట్‌కి తెలీదు. పేరు చూసి స్పీడ్ తెలుసుకునే స్క్రిప్ట్‌లు రాసి నేను చాలాసార్లు దెబ్బ తిన్నాను. ఉదాహరణకి క్యాటలిస్ట్ 9300లో అప్‌లింకుల కోసం ఒక నెట్‌వర్క్ మాడ్యూల్ పెడతారు. షో ఇంటర్‌ఫేస్ కొడితే 1/1/1 అనే ఒకే స్థానానికి గిగాబిట్ అని ఒకటి, టెన్‌గిగాబిట్ అని ఒకటి, ట్వంటీఫైవ్ గిగ్ అని ఒకటి, ఫార్టీ గిగాబిట్ అని ఒకటి, ఇలా వేరువేరు పేర్లు లిస్ట్‌లో కనపడతాయి. మీరు పెట్టిన మాడ్యూల్‌కి సరిపోయే పేరే పనిచేస్తుంది, మిగతావి ఊరికే డౌన్‌లో ఉంటాయి. ఇది తెలియని కొత్త ఇంజనీర్ అన్ని పోర్ట్‌లు డౌన్ అని టికెట్ ఎత్తితే అతన్ని ఏమంటాం?

సిస్కో వాళ్ళే నెక్సస్ స్విచ్‌లకి వచ్చేసరికి ఈ స్పీడ్ గొడవ వదిలేశారు. అక్కడ ఈథర్నెట్ 1/1, అంతే. ఒక గిగ్ మాడ్యూల్ పెట్టినా పది పెట్టినా పేరు మారదు. అరిస్టాలో కూడా ఈథర్నెట్ 1, ఈథర్నెట్ 2. నాకు ఇది నచ్చుతుంది. స్పీడ్ అనేది ఇవాళ ఒకటి, రేపు ఒకటి. మారేదాన్ని పేరులో పెట్టకూడదు.

జూనిపర్‌లో జీఈ అంటే గిగాబిట్, ఎక్స్‌ఈ అంటే పది గిగాబిట్, ఈటీ అంటే దానికి పైన. తర్వాత డాష్, ఎఫ్‌పీసీ (స్లాట్), పిక్ (దానిలో కార్డ్), పోర్ట్. జీఈ-0/0/0. అన్నీ సున్నా నుంచే. రెండక్షరాలు, మూడంకెలు, టైప్ చేయడానికి, ఫోన్‌లో చెప్పడానికి ఇంతకంటే పొట్టిగా కుదరదు, ఆ విషయంలో వాళ్ళని మెచ్చుకోవాలి. కానీ స్పీడ్ పేరులో ఉంటే ఏమవుతుందో క్యూఎఫ్‌ఎక్స్ 5100 లాంటి స్విచ్‌లో చూడండి, అదే రంధ్రంలో పది గిగ్ ఆప్టిక్ (ఫైబర్ తగిలించే చిన్న మాడ్యూల్) పెడితే ఎక్స్‌ఈ-0/0/5, అది తీసి ఒక గిగ్ ఆప్టిక్ పెడితే జీఈ-0/0/5. మీ కాన్ఫిగ్ అంతా ఎక్స్‌ఈ పేరు మీద ఉంది. ఫీల్డ్‌లో స్పేర్ దొరక్క ఒక గిగ్ ఆప్టిక్ పెట్టారు, లింక్ లైట్ వెలుగుతుంది, ట్రాఫిక్ పోదు, ఎందుకంటే జీఈ-0/0/5కి కాన్ఫిగ్ లేదు. గంట సేపు ఫైబర్ తుడుస్తూ కూర్చుంటారు. వాళ్ళ కొత్త ఓఎస్, జూనోస్ ఎవాల్వ్డ్ అనేది, అందులో దాదాపు ఈథర్నెట్ అంతా ఈటీ అనే ఒకే ప్రిఫిక్స్‌కి వచ్చేసింది, స్పీడ్ ఏదైనా సరే. అందరూ మెల్లగా అటే వస్తున్నారు.

నోకియా వాళ్ళ పద్ధతి వేరు, నా దృష్టిలో పెద్ద రూటర్లలో అన్నిటికంటే స్పష్టమైనది అదే. వాళ్ళ ఎస్‌ఆర్ ఓఎస్‌లో పోర్ట్ వేరు, ఇంటర్‌ఫేస్ వేరు. పోర్ట్ పేరు ఊరికే 1/1/1, స్లాట్, కార్డ్, పోర్ట్, ముందు అక్షరాలే లేవు. ఐపీ ఇంటర్‌ఫేస్‌కి మీరే పేరు పెట్టాలి, 32 అక్షరాల దాకా, "విజయవాడ-కోర్-2" అన్నట్టు, తర్వాత దాన్ని ఒక పోర్ట్‌కి కట్టాలి. రేపు పోర్ట్ పాడైతే కట్టు విప్పి పక్క పోర్ట్‌కి కట్టేస్తే చాలు, దారులు లెక్కేసే ఓఎస్‌పీఎఫ్‌లో, ఎమ్‌పీఎల్‌ఎస్‌లో పేరు మారదు. ఎక్కడ ఉంది అనేది మెషీన్ చెప్పింది, ఎందుకుంది అనేది మనిషి చెప్పాడు, ఒకదాని మీద ఒకటి పడలేదు. మొదట నేర్చుకునేటప్పుడు రెండు సార్లు రాయాలా అని విసుక్కున్నాను, ఒక అర్ధరాత్రి పోర్ట్ మార్చాక ఆ విసుగు పోయింది.

ఇందాక ఇల్లు పంచుకోవడం అన్నాను కదా, బ్రేకవుట్. నలభై గిగ్ పోర్ట్‌ని నాలుగు పది గిగ్‌లుగా, వంద గిగ్‌ని నాలుగు ఇరవైఐదులుగా చీల్చే కేబుల్. నెక్సస్‌లో ఈథర్నెట్ 1/1 పోయి 1/1/1 నుంచి 1/1/4 వస్తాయి. జూనిపర్‌లో కోలన్ పెడతారు, ఎక్స్‌ఈ-0/0/0:0 నుంచి :3 దాకా. అరిస్టాలో అయితే చీల్చకపోయినా ఆ పోర్ట్ పేరు ముందే 49/1 అని ఉంటుంది, చీలిస్తే 49/2, 49/3, 49/4 బయటికొస్తాయి, అంటే మొదటిదాని పేరు మారదు, ఇది మంచి ముందుచూపు. సోనిక్ అనే ఓపెన్ సోర్స్ ఓఎస్ ఉంది, మైక్రోసాఫ్ట్ మొదలుపెట్టింది, అందులో ఈథర్నెట్ 0 తర్వాత ఈథర్నెట్ 4, తర్వాత 8. మధ్యలో 1, 2, 3 ఏమయ్యాయి అని కంగారు పడకండి, ఒక్కో వంద గిగ్ పోర్ట్ లోపల నాలుగు లేన్లు (డేటా పోయే దారులు), వాళ్ళు లేన్లు లెక్కపెడుతున్నారు, చీలిస్తే ఆ 1, 2, 3 వస్తాయి. లెక్క తెలివైనదే, కానీ నా కొలబద్దకి నిలబడదు, ర్యాక్ ముందు ఉన్నవాళ్ళకి ఏడో పోర్ట్ అని రాసి కనపడుతుంటే స్క్రీన్ మీద 24 అని ఉంటుంది. అందుకే వాళ్ళే ఏలియాస్ అని ఇంకో పేరు కూడా ఇచ్చారు, కమాండ్‌తో ఏలియాస్ మోడ్‌కి మారిపోవచ్చు, సోనిక్ వాడేవాళ్ళు తప్పకుండా చేసుకోండి.

అక్కడ చెయ్యి ఎత్తిన బాబు లైనక్స్ గురించి అనుకుంటా... అవునా, సరే, ఇప్పుడు చాలామంది లైనక్స్ బాక్సునే రూటర్‌గా వాడుతున్నారు కాబట్టి అది కూడా చెప్పుకుందాం, నిజానికి పేర్ల కథలో పెద్ద యుద్ధం జరిగింది అక్కడే. మొదట అంతా ఈటీహెచ్0, ఈటీహెచ్1. కెర్నల్‌కి, అంటే లైనక్స్ గుండెకాయకి, ఏ కార్డ్ ముందు కనపడితే అది సున్నా. బూట్ అయ్యేటప్పుడు డ్రైవర్లు పక్కపక్కనే లేస్తాయి, ఇవాళ ముందొచ్చింది రేపు వెనక రావచ్చు. రెండు కార్డుల ఫైర్‌వాల్‌లో అది జరిగితే ఏమవుతుందో ఆలోచించండి, బయటి ఇంటర్‌ఫేస్ రూల్స్ లోపలి కార్డ్ మీద, లోపలివి బయటి మీద. దానికి మందుగా మ్యాక్ అడ్రస్ (ఒక్కో కార్డ్‌కి విడిగా ఉండే నంబర్) చూసి పేరు గుర్తుపెట్టుకునే ఒక ఫైల్ వచ్చింది. అది ఇంకో రోగం తెచ్చింది, వర్చువల్ మెషీన్ క్లోన్ చేస్తే కొత్త మ్యాక్ వస్తుంది, సున్నా ముందే బుక్ అయిపోయి ఉంటుంది, మీ కార్డ్ ఈటీహెచ్1 అని లేస్తుంది, నెట్‌వర్క్ రాదు. సెంటోస్ 6 రోజుల్లో పనిచేసినవాళ్ళందరికీ ఈ ఫైల్ డిలీట్ చేయడం చేతికి అలవాటైపోయింది.

తర్వాత డెల్ వాళ్ళు బయాస్ (మెషీన్‌ని లేపే ప్రోగ్రామ్) చెప్పే స్థానాన్ని బట్టి పేరు పెట్టే ఒక టూల్ రాశారు, 2011లో ఫెడోరా 15లో వచ్చింది, బోర్డు మీద ఉన్నవి ఈఎమ్1, ఈఎమ్2, స్లాట్‌లో ఉన్నవి పీ3పీ1 అన్నట్టు. 2013 జనవరిలో లైనక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ 197వ వెర్షన్ అదే ఆలోచనని ఇంకా ముందుకి తీసుకెళ్ళింది, ఈఎన్ఓ1 అంటే బోర్డు మీదది, ఈఎన్ఎస్1 అంటే స్లాట్‌ది, ఈఎన్‌పీ3ఎస్0 అంటే పీసీఐ బస్ (కార్డులు తగిలే లోపలి దారి) 3, స్లాట్ 0. డెబియన్‌లో 2017లో వచ్చిన 9 నుంచి కొత్త ఇన్‌స్టాల్స్‌లో ఇవే. చాలామంది తిట్టుకున్నారు, ఇప్పటికీ కెర్నల్ లైన్‌లో ఒక పదం పెట్టి పాత పేర్లకి పోయేవాళ్ళున్నారు. నేను తిట్టను, స్థానం చెప్పే పేరు రూటర్లలో ఎప్పట్నుంచో ఉన్నదే. కానీ ఒక లోపం ఉంది, అది ఒప్పుకోవాలి. పీసీఐ బస్ నంబర్ కూడా రాయిలా స్థిరం కాదు. బాక్స్‌లో ఇంకో కార్డ్ పెట్టారు, ఎన్‌వీఎమ్‌ఈ డిస్క్ పెట్టారు, బస్ నంబర్లు ఒకటి జరిగాయి, నిన్నటి ఈఎన్‌పీ3ఎస్0 ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0. రూటర్‌గా వాడే లైనక్స్ బాక్స్ అయితే లింక్ ఫైల్ రాసి, మ్యాక్ చూపించి, వాన్0 (బయటిది), లాన్0 (లోపలిది) అని మీరే పేరు పెట్టుకోండి. ఈటీహెచ్0 అని మాత్రం పెట్టకండి, కెర్నల్ కూడా అదే పేరు ఇంకో కార్డ్‌కి ఇవ్వబోయి రెండూ గుద్దుకుంటాయి, సిస్టమ్‌డీ మాన్యువల్‌లోనే ఈ హెచ్చరిక ఉంది.

పొడుగు కూడా చూసుకోవాలి. లైనక్స్‌లో ఇంటర్‌ఫేస్ పేరు పదిహేను అక్షరాలు దాటకూడదు. ఈఎన్‌పీ175ఎస్0ఎఫ్1ఎన్‌పీ1 అనే పేరు ఇంగ్లీష్‌లో రాస్తే అక్షరాలు, అంకెలు కలిపి పదమూడు, ఇలాంటివి సర్వర్లలో మామూలే. దాని మీద వీలాన్ (ఒకే కేబుల్‌లో విడిగా నడిపే నెట్‌వర్క్) 2034 కోసం చుక్క పెట్టి నాలుగంకెలు రాస్తే పద్దెనిమిది. కుదరదు. అప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు కోసి రాస్తారు, ఆరు నెలల తర్వాత ఎవరికీ అర్థం కాదు. 2020లో వచ్చిన 5.5 కెర్నల్ నుంచి ఆల్ట్‌నేమ్ అని రెండో పేరు పెట్టుకోవచ్చు, దానికి చాలా చోటుంది. ఇంకో మంచి కమాండ్ ఉంది, ఈథ్‌టూల్ మైనస్ పీ, పేరు ఇస్తే చాలా కార్డుల్లో ఆ పోర్ట్ లైట్ మిణుకుమిణుకుమంటుంది. ర్యాక్ ముందు ఉన్నవాళ్ళకి దానికంటే సాయం ఏముంటుంది!

మైక్రోటిక్ రూటర్లు వాడే కేబుల్ ఆపరేటర్లు, చిన్న ఐఎస్‌పీలు మన రెండు రాష్ట్రాల్లోనూ చాలామంది ఉన్నారు, మీకు ప్రత్యేకంగా ఒక మాట. అందులో ఈథర్1 పేరుని మీరు ఏకంగా మార్చేయొచ్చు, వాన్ అని, ఎయిర్‌టెల్ అని, ఏమైనా. సౌకర్యమే. కానీ మార్చేశాక ర్యాక్ ముందున్న మనిషికి బాక్స్ మీద 1 అని కనపడుతుంది, మీ స్క్రీన్ మీద వాన్ అని ఉంటుంది. అసలు పేరు డిఫాల్ట్-నేమ్ అనే చోట దాగే ఉంటుంది కానీ అర్ధరాత్రి అది ఎవరికి గుర్తొస్తుంది. పేరు మారిస్తే ముందు అసలు పేరు ఉంచండి, ఈథర్1-వాన్ అని. ప్రొవైడర్ పేరు అసలు పెట్టకండి, ప్రొవైడర్ మారినా ఇంటర్‌ఫేస్ పేరు ఫైర్‌వాల్ రూల్స్‌లో, క్యూల్లో, స్క్రిప్ట్‌లలో అలానే ఉండిపోతుంది, పాత ప్రొవైడర్ పేరు మీద కొత్త ప్రొవైడర్ ట్రాఫిక్ పోతుంటుంది. అది రాయడానికి కామెంట్ ఉంది.

ఆ కామెంట్, అంటే డిస్క్రిప్షన్, దాని దగ్గరికే వస్తున్నా. పెద్ద రూటర్లలో చాలావాటికి పేరు మన చేతిలో లేదు, డిస్క్రిప్షన్ మాత్రం పూర్తిగా మన చేతిలో ఉంది, దాన్నే మనం ఖాళీగా వదిలేస్తాం.

మానిటరింగ్ వైపు నుంచి చూడండి. ఎస్‌ఎన్‌ఎమ్‌పీలో, అంటే మానిటరింగ్ టూల్ బాక్స్‌ని వివరాలు అడిగే పద్ధతిలో, ఒక పోర్ట్‌కి నాలుగు గుర్తులున్నాయి. ఇఫ్‌ఇండెక్స్ అనేది ఒక అంకె. ఇఫ్‌డెస్క్ర్ అనేది 1991 నాటి ఎమ్‌ఐబీ-2 అనే పట్టికలో ఉన్న వర్ణన. తర్వాత వచ్చినవి ఇఫ్‌నేమ్, అంటే కమాండ్ లైన్‌లో మీరు వాడే పేరు, ఇఫ్‌ఏలియాస్, అంటే మీరు రాసే డిస్క్రిప్షన్. 2000లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2863 అనే స్టాండర్డ్ పత్రంలో ఇవన్నీ వివరంగా ఉన్నాయి, ఓపిక చేసుకుని ఒకసారి చదవండి. నేను ఒక చోట పనిచేసేటప్పుడు కస్టమర్ గ్రాఫ్‌లు, బిల్లింగ్ అంతా ఇఫ్‌ఇండెక్స్ మీద కట్టారు. ఒక రాత్రి రూటర్‌లో కొత్త కార్డ్ పెట్టి రీబూట్ చేశాం. ఇఫ్‌ఇండెక్స్ ఒక రీబూట్ నుంచి ఇంకో రీబూట్ దాకానే మారకుండా ఉంటుందని గ్యారంటీ, ఆ తర్వాత బాక్స్ ఇష్టం, సిస్కోలో అయితే పర్సిస్ట్ అని ఒక లైన్ రాయాలి, మేం రాయలేదు. అంకెలు జరిగాయి. ఒకళ్ళ ట్రాఫిక్ ఇంకొకళ్ళ గ్రాఫ్‌లో గీసుకుంటూ పోయింది, నెలాఖరున బిల్లు చూసి కస్టమర్ ఫోన్ చేసేదాకా ఎవరమూ గమనించలేదు. అప్పట్నుంచి నేను ఎక్కడ ఏది కట్టినా ఇఫ్‌నేమ్ మీద కడతాను.

డిస్క్రిప్షన్ ఎలా రాయాలి అంటే, పద్ధతి ఏదైనా సరే అందరూ ఒకటే వాడితే చాలు. లిబ్రెఎన్‌ఎమ్‌ఎస్ అనే మానిటరింగ్ టూల్ వాడేవాళ్ళకి ఆ పద్ధతి రెడీగా ఉంది. మొదట కస్ట్ (కస్టమర్), ట్రాన్సిట్ (మనం కొనే ఇంటర్నెట్ లింక్), పీరింగ్ (ఇంకో నెట్‌వర్క్‌తో నేరుగా కలిసే లింక్), కోర్ (మన రూటర్ల మధ్య లింక్) అనే మాటల్లో ఒకటి, కోలన్, తర్వాత అవతలి పేరు, చదరపు బ్రాకెట్‌లో స్పీడ్, మీసాల బ్రాకెట్‌లో సర్క్యూట్ ఐడీ, మామూలు బ్రాకెట్‌లో నోట్స్. ఇలా రాస్తే ఆ టూల్ తనంతట తనే చదువుకుని కస్టమర్లు ఒక పేజీలో, ట్రాన్సిట్ ఇంకో పేజీలో పెట్టేస్తుంది. చూశారా, స్పీడ్ వచ్చి చేరాల్సిన చోటు ఇదీ, పేరు కాదు. కోర్ లింక్ అయితే అవతలి రూటర్ పేరుతో పాటు అవతలి ఇంటర్‌ఫేస్ కూడా రాయండి. ముఖ్యమైనవి మొదట్లోనే రాయండి, ఎందుకంటే ఇఫ్‌ఏలియాస్ 64 అక్షరాలే, సిస్కోలో డిస్క్రిప్షన్ అంతకంటే పొడుగు రాయనిస్తుంది కానీ ఇంకో కమాండ్ ఇవ్వకపోతే మానిటరింగ్‌కి మొదటి 64 మాత్రమే వెళ్తాయి, సర్క్యూట్ ఐడీ చివర్లో ఉంటే అదే తెగిపోతుంది. అలానే లింక్ తీసేసిన రోజు డిస్క్రిప్షన్ కూడా తీసేయండి, దయచేసి. వెళ్ళిపోయిన కస్టమర్ పేరు మూడేళ్ళు ఉండిపోతే ఆ పోర్ట్‌ని ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాలదు.

సబ్ ఇంటర్‌ఫేస్ (ఒక పోర్ట్ లోపల విడగొట్టిన భాగం) గురించి రెండు ముక్కలు. చుక్క తర్వాత వచ్చే నంబర్, వీలాన్ నంబర్ ఒకటే కావాలని చాలా బాక్సుల్లో రూల్ లేదు, .100 లోపల వీలాన్ 200 పెట్టినా ఊరుకుంటుంది. మీరు ఊరుకోకండి. బండిల్స్ (కొన్ని లింకులు కలిపి ఒకటిగా కట్టినవి) కూడా అంతే, ఇటు సిస్కో పోర్ట్-చానల్ 12 అయితే అటు జూనిపర్ ఏఈ12, హువావే అయితే ఈథ్-ట్రంక్ 12, అంకె ఒకటే ఉండాలి.

బయటివాళ్ళకి కనపడే పేరు ఇంకోటి ఉంది, డీఎన్‌ఎస్‌లో ఐపీ అడ్రస్‌కి ఉండే పేరు. ట్రేస్‌రూట్ (ప్యాకెట్ వెళ్ళే దారి చూపే కమాండ్) కొడితే వచ్చే పొడుగాటి పేర్లు ఇవే. హోస్ట్ పేరులో స్లాష్ (/) ఒప్పుకోరు, అందుకే ఎక్స్‌ఈ-0/0/1 అక్కడ ఎక్స్‌ఈ-0-0-1 అవుతుంది, తర్వాత చుక్క, రూటర్ పేరు, చుక్క, ఊరు. ఊరికి ఎయిర్‌పోర్ట్ కోడ్ వాడేవాళ్ళు చాలామంది, హెచ్‌వైడీ అంటే హైదరాబాద్, వీటీజెడ్ అంటే విశాఖ, వీజీఏ అంటే విజయవాడ. ప్రపంచంలో ఎక్కడో కూర్చున్న ఇంజనీర్ అది చూసి ప్యాకెట్ ఏ ఊళ్ళో ఏ పోర్ట్‌లోంచి వచ్చిందో చెప్పగలడు. అదంతా ఎవరైనా అప్‌డేట్ చేస్తుంటేనే. రూటర్‌ని ఊరు మార్చి రివర్స్ డీఎన్‌ఎస్ మార్చకపోతే ఆ ఇంజనీర్ మనల్ని నమ్మి తప్పు ఊళ్ళో వెతుకుతాడు. చేత్తో రాయకండి, కాన్ఫిగ్‌లోంచి ఇంటర్‌ఫేస్ పేరు, ఐపీ లాగి డీఎన్‌ఎస్ రికార్డులు తయారుచేసే చిన్న స్క్రిప్ట్ రాసుకోండి, ఒక సాయంత్రం పని.

మళ్ళీ ఫోన్ దగ్గరికి. నేను ఇప్పుడు ఫీల్డ్‌తో ఎలా మాట్లాడతానో చెప్తా. మొదటిది, రెండోది అనే మాటలు వాడను, ఎందుకంటే సున్నా నుంచి లెక్కపెట్టే బాక్స్‌లో ఆ మాటలకి అర్థం లేదు. "బాక్స్ మీద రాసి ఉన్న నంబర్ చదువు" అంటాను. అంకెలన్నీ పలుకుతాను, సున్నా గీత సున్నా గీత ఒకటి. తర్వాత పైవరసా కిందవరసా అని అతన్నే చెప్పమంటాను. కేబుల్ మీద లేబుల్ చదవమంటాను, అందులో రెండు చివరల పేర్లూ ఉండాలి. నా స్క్రీన్ మీద డిస్క్రిప్షన్, ఎల్‌ఎల్‌డీపీ (బాక్సులు ఒకదానికొకటి తమ పేరు చెప్పుకునే పద్ధతి) చెప్పే పక్కింటి పేరు, అతను చదివిన లేబుల్, మూడూ కలిస్తేనే తీయమంటాను. కలవకపోతే తీయొద్దు అంటాను, ఎంత రాత్రయినా. ఇదంతా కలిపి రెండు నిమిషాలు కూడా పట్టదు.

పక్క గదిలో రెండు ర్యాకులు పెట్టించాను. ఒకదాంట్లో సున్నా నుంచి లెక్కపెట్టే స్విచ్, ఇంకోదాంట్లో ఒకటి నుంచి లెక్కపెట్టేది, రెండిట్లో కలిపి పదహారు లింకులు, మూడింటికి డిస్క్రిప్షన్ కావాలనే తప్పు రాశాను, ఏవో చెప్పను. ఇద్దరిద్దరు జట్టు కట్టండి, ఒకళ్ళు ఇక్కడే ల్యాప్‌టాప్ దగ్గర ఉండండి, ఒకళ్ళు ఆ గదిలోకి వెళ్ళండి, ఫోన్‌లో మాట్లాడుకుంటూ నేను ఇచ్చే చీటీలో ఉన్న కేబుల్ తీయించాలి. మొదటి జట్టు రండి.